ఆయన గొంతు... ఆమె గద్దె

ప్రపంచంలో తొలి మహిళా ప్రధాని సిరిమావో బండారనాయకే. పుట్టినిల్లు, మెట్టినిల్లు రెండూ పేరున్న దివాణాలే. భర్త హత్యతో రాజకీయాల్లోకి వచ్చి, కూతురు దేశాధ్యక్షురాలై తనను మళ్లీ ప్రధానిని చేసేదాకా నిలిచారు. ఆ నలభై ఏళ్లూ ఆమె మోసిన వారసత్వం ఎలాంటిది?

1960 జులైలో సిలోన్ (నేటి శ్రీలంక) నాలుగు నెలల తేడాలో రెండోసారి ఓటుకు వెళ్లింది. ఆ ఎన్నికల్లో శ్రీలంక ఫ్రీడం పార్టీ సభల్లో టేప్‌రికార్డర్ మోగేది. అందులో వినపడేది పది నెలల కిందట హత్యకు గురైన ప్రధాని సోలమన్ బండారనాయకే గొంతు. వేదిక మీద తెల్లచీరలో ఆయన భార్య. వయసు నలభై నాలుగు, ముగ్గురు పిల్లల తల్లి. ఆయన తలపెట్టిన పని పూర్తి చేయడానికే వచ్చానని చెప్పేవారు. చెబుతూ చెబుతూ కళ్లనీళ్లు పెట్టుకునేవారు. ప్రత్యర్థులు ఆమెకు 'ఏడ్చే విధవ' అని పేరు పెట్టి ఎకసెక్కాలాడారు. వంటింటి పొయ్యిని మించిన మంటను ఆమె ఎప్పుడు చూసిందని భర్త తరఫు బంధువే ఒకాయన నొసలు చిట్లించాడు. ఓట్లు లెక్కపెట్టాక చూస్తే ఆమె పార్టీకి 75 స్థానాలు, యునైటెడ్ నేషనల్ పార్టీ (యూఎన్‌పీ)కి 30. జులై 21న సిరిమావో ప్రధానిగా ప్రమాణం చేశారు. ఆధునిక ప్రపంచంలో అంతకుముందు ఏ దేశానికీ మహిళ ప్రధాని కాలేదు. విచిత్రమేమంటే ఆ ఎన్నికల్లో ఆమె ఏ నియోజకవర్గం నుంచీ పోటీ చేయలేదు. తర్వాత సెనేట్‌కు నామినేట్ అయి సభలో అడుగుపెట్టారు.

ఎమ్మెల్యే కన్నుమూస్తే భార్యకు టికెట్ ఇవ్వడం మనకూ తెలిసిన కథే. దండ వేసిన ఫొటో ప్రచారరథం మీద ముందు వెళ్తుంది, అభ్యర్థి వెనకాల వెళ్తారు. పత్రికలు సానుభూతి పవనమని రాస్తాయి. గెలుపుతో ఆ కథ అయిపోయిందనుకుంటాం. సిరిమావో విషయంలో అసలు కథ గెలిచాకే మొదలైంది. బతికున్న నాయకుడు అవసరాన్నిబట్టి మాట మార్చుకోగలడు, సర్దుకోగలడు, వెనక్కి తగ్గగలడు. సోలమన్ బండారనాయకే ఆ మూడూ చేశాడు. ఆయన పోయాక ఆ వెసులుబాటు కూడా ఆయనతోనే పోయింది. జనం గుర్తుంచుకున్నది సభల్లో గర్జించిన మనిషిని. తర్వాత సందేహించిన మనిషిని కాదు. ఆయన పేరు మీద గద్దెనెక్కిన భార్యకు ఆ గర్జనే రాజ్యాంగమైంది.

రట్వత్తె వారి అమ్మాయి

సిరిమా రట్వత్తె 1916 ఏప్రిల్ 17న రత్నపురలో, అమ్మమ్మగారింట్లో పుట్టింది. పేరు చివర 'వో' గౌరవానికి చేర్చింది, తర్వాత వచ్చి చేరింది. తండ్రి బార్న్స్ రట్వత్తె క్యాండీ సీమకు చెందిన కులీనుడు, ఆ తర్వాత సెనేటర్. తల్లి రోసలిండ్ బాలంగొడ ప్రాంతంలో పేరున్న మహవలతెన్న వారి ఆడపడుచు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు నాటు వైద్యం చేసేది. ఆరుగురు పిల్లల్లో సిరిమా పెద్దది.

ఈ రట్వత్తె వారి పూర్వీకుల దగ్గర తెలుగు పాఠకుడు కాసేపు ఆగాలి. క్యాండీ రాజ్యాన్ని 1739 నుంచి ఏలింది నాయక్కర్ రాజులు, మదురై నాయకుల బంధువర్గం, తెలుగు మూలాలున్నవాళ్లు. వాళ్లలో చివరివాడు శ్రీవిక్రమ రాజసింహ. స్థానిక సర్దారులతో ఆయనకు చెడింది. ఆ సర్దారులు బ్రిటిష్ వాళ్లతో చేతులు కలిపారు. రాజు పట్టుబడ్డాడు. 1815 మార్చి 2న క్యాండీ ఒప్పందంతో లంక మొత్తం ఇంగ్లండు రాజు కిందికి వెళ్లింది. ఒప్పందం మీద సంతకం చేసిన సర్దారుల్లో మాతలె దిశావ రట్వత్తె ఒకడు. సిరిమావోది ఆ వంశమే. రాజసింహను వెల్లూరు కోటకు పంపేశారు, 1832లో అక్కడే కన్నుమూశాడు. లంకలో చివరి తెలుగు మూలాల రాజును దించిన కాగితం మీద సంతకమున్న ఇంటి నుంచి ఆ దేశపు తొలి మహిళా ప్రధాని వచ్చారన్నమాట.

చదువు కొలంబోలో సెయింట్ బ్రిజెట్స్ కాన్వెంట్‌లో. క్యాథలిక్ సన్యాసినుల బడి, ఇంట్లో బౌద్ధం. రెండూ ఆమెకు ఇబ్బందిగా అనిపించినట్టు లేదు. 1940 అక్టోబరు 2న సోలమన్ వెస్ట్ రిడ్జ్‌వే డయాస్ బండారనాయకేతో పెళ్లి. జాతకాలు చూసి కుదిర్చిన సంబంధం. పెళ్లికొడుకు పెళ్లికూతురికన్నా పదిహేడేళ్లు పెద్దవాడు. క్యాండీ సీమవాళ్లు కోస్తా వాళ్లతో వియ్యమందడం ఆ రోజుల్లో అంత మామూలు విషయం కాదు. బండారనాయకేలది కోస్తా జమీందారీ. సోలమన్ తండ్రి గవర్నర్ కొలువులో మహా ముదలియార్, నైట్‌హుడ్ పొందినవాడు, ఆంగ్లికన్ క్రైస్తవుడు. సోలమన్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు, తిరిగొచ్చి బౌద్ధం తీసుకున్నాడు, సూటు తీసేసి జాతీయ దుస్తులు కట్టాడు. మాతృభాష సింహళం కోసం పోరాడిన ఈ మనిషికి చక్కగా వచ్చిన భాష ఇంగ్లిష్.

వారసత్వ రాజకీయం బండారనాయకేల సొత్తు మాత్రమేననుకుంటే పొరపాటు. తొలి ప్రధాని డి.ఎస్. సేనానాయకే పోతే కొడుకు డడ్లీ వచ్చాడు. డడ్లీ దిగితే బంధువు కొతలావల వచ్చాడు. తర్వాత దేశాన్నేలిన జయవర్ధనే కూడా ఆ చుట్టరికంలోని వాడే. యూఎన్‌పీ అంటే 'అంకుల్ నెఫ్యూ పార్టీ' అని కొలంబోలో జోకు. లంక రాజకీయ చరిత్ర చదవాలంటే ఒక చేత్తో పంచాంగం, ఇంకో చేత్తో వంశవృక్షం పట్టుకోవాలి.

పెళ్లయ్యాక సిరిమా లంకా మహిళా సమితిలో చేరారు. ఊళ్లు తిరిగి పల్లె ఆడవాళ్లతో పనిచేశారు. పారిశుద్ధ్యం, వరిసాగు, కుటుంబ నియంత్రణ, కుటీర పరిశ్రమలు అవన్నీ అక్కడే నేర్చుకున్నారు. తర్వాతి రోజుల్లో ఆమెకు ఏమీ తెలియదన్నవాళ్లు ఈ ఏళ్లను లెక్కలోకి తీసుకోలేదు. ఇంట్లో మాత్రం ఆమెది ఆతిథ్యం పాత్ర. కొలంబో రోస్‌మీడ్ ప్లేస్‌లో ఆమె తండ్రి 1946లో కొన్న ఇల్లే వాళ్ల నివాసం. నాయకులు వచ్చేవారు, మంతనాలు జరిగేవి, టీలు వెళ్లేవి. భర్త 1951లో యూఎన్‌పీని వదిలి సొంత పార్టీ పెట్టడం వెనక ఆమె ప్రోద్బలం ఉందని జీవితచరిత్రకారులు రాశారు. అంటే టీ కప్పులతోపాటు లోపలికి సలహాలు కూడా వెళ్లేవి.

మాట మార్చుకున్న మనిషి

1956 ఎన్నికల్లో సోలమన్ నినాదం ఒకటే: సింహళమే అధికార భాష, అదీ తక్షణం. బౌద్ధ భిక్షువులు, పల్లె ఉపాధ్యాయులు, నాటు వైద్యులు, రైతులు, కూలీలు ఆయన వెంట నడిచారు. ఇంగ్లిష్ చదివిన పిడికెడు మంది చేతిలో ఉన్న కొలువులు తమ పిల్లలకు వస్తాయని ఆశ. అదేమీ తప్పుడు ఆశ కాదు. కానీ ఆ చట్టం ఇంగ్లిష్‌ను దించే పేరుతో తమిళాన్ని పక్కకు నెట్టింది. జాఫ్నా గుమస్తాకు, ట్రింకోమలీ పోస్ట్‌మాస్టర్‌కు రాత్రికి రాత్రి తమ దేశంలో తమ భాష చెల్లని నాణెమైంది.

సోలమన్‌కు ఇది తెలియక కాదు. 1957 జులైలో తమిళ నేత చెల్వనాయకంతో ఒప్పందం చేసుకున్నాడు. ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో పాలనకు తమిళం, ప్రాంతీయ మండళ్లు ఇస్తానన్నాడు. 1958 ఏప్రిల్‌లో భిక్షువులు వచ్చి రోస్‌మీడ్ ప్లేస్ ఇంటిముందు బైఠాయించారు. ఒప్పందం రద్దు చేస్తానని వాళ్లకు రాసిచ్చాడు. రెండు నెలలు తిరక్కముందే అల్లర్లు, తమిళుల ఊచకోత. అదే ఏడాది ఆగస్టులో మళ్లీ తమిళ వినియోగానికి కొన్ని వెసులుబాట్లతో చట్టం తెచ్చాడు. ముందుకు, వెనక్కి, మళ్లీ కొంచెం ముందుకు. ధైర్యం లేని మనిషంటారు కొందరు. నాకైతే తాను విసిరిన రాయి ఎక్కడ పడిందో చూసి భయపడ్డ మనిషిలా కనిపిస్తాడు.

1959 సెప్టెంబరు 25. ఇంటి వరండాలో జనం అర్జీలు పట్టుకుని కూర్చున్నారు. కాషాయంలో వచ్చిన భిక్షువు తల్దువె సోమరామ దగ్గరికి వెళ్లి ప్రధాని వంగి నమస్కరించాడు. సోమరామ రివాల్వర్ తీశాడు. సిరిమావో ఆ ఇంట్లోనే ఉన్నారు, తుపాకీ మోతకు పరుగెత్తుకొచ్చారు. హంతకుడి మీద కక్ష పెంచుకోవద్దని జాతికి సందేశం చెప్పి మర్నాడు ఆయన కన్నుమూశాడు. కుట్ర వెనక ఉన్నది కెలనియ ఆలయ ప్రధాన భిక్షువు బుద్ధరక్ఖిత. 1956లో సోలమన్ గెలుపు కోసం ఊరూరా తిరిగింది ఈయనే. తనకు రావాల్సిన వ్యాపారాలు రాలేదన్నది ఆయన కోపమని విచారణలో తేలింది. ఉరిశిక్షను నిలిపేసింది సోలమన్ ప్రభుత్వం. ఆయన హత్య తర్వాతే దాన్ని మళ్లీ తెచ్చారు. సోమరామను 1962 జులైలో ఉరితీశారు. బుద్ధరక్ఖిత శిక్ష యావజ్జీవంగా మారి జైల్లోనే చనిపోయాడు.

కాన్వెంటు చదువు, బడుల స్వాధీనం

మూడున్నరేళ్ల పాలనలో భర్త తటపటాయించిన పనులను సిరిమావో ఏడాదిలో చేసేశారు. 1961 జనవరి 1 నుంచి సింహళం పూర్తిస్థాయి పాలనాభాషగా అమల్లోకి వచ్చింది. తమిళ నేతలు జాఫ్నా కచేరీ ముందు సత్యాగ్రహం మొదలుపెట్టారు. దస్త్రాలు కదలలేదు. పోటీగా సొంత తపాలా నడిపారు. ఏప్రిల్‌లో ఆమె ఎమర్జెన్సీ ప్రకటించి, సైన్యాన్ని పంపి, నాయకులను నిర్బంధించారు. చెల్వనాయకంతో బేరం కుదుర్చుకున్న మనిషి భార్య ఆయనతో బేరానికి కూర్చోలేదు. కూర్చుంటే రోస్‌మీడ్ ప్లేస్ ముందు భిక్షువులు మళ్లీ కూర్చుంటారు. అదీకాక, టేపులో చెల్వనాయకం ఒప్పందం లేదు.

బడుల విషయమూ అంతే. ప్రభుత్వ సాయం పొందే మిషనరీ బడులన్నింటినీ స్వాధీనం చేసుకున్నారు. క్యాథలిక్ తల్లిదండ్రులు తరగతి గదుల్లో మకాం పెట్టి కాపలా కాశారు. చివరికి గొడవ సర్దుమణగడానికి నెహ్రూ, బొంబాయి కార్డినల్ గ్రేసియస్ మాట సాయం కావాల్సి వచ్చింది. కాన్వెంటులో చదివిన ఆమే కాన్వెంట్ల మీద పడిందని కొందరు నొచ్చుకున్నారు. పల్లె బౌద్ధ తల్లికి మాత్రం అది న్యాయంగానే కనిపించింది. దేశంలో మంచి బడులన్నీ చర్చి చేతిలో ఉండటమేమిటన్నది ఆమె ప్రశ్న. ఆ ప్రశ్నను కొట్టిపారేయలేం.

1962 జనవరిలో సైన్యం, పోలీసు ఉన్నతాధికారులు కొందరు కుట్ర పన్నారు. ఎక్కువమంది క్రైస్తవులు, ఇంగ్లిష్ చదువుల వాళ్లు. అర్ధరాత్రి ప్రధానిని, మంత్రులను అదుపులోకి తీసుకోవాలన్నది పథకం. కొన్ని గంటల ముందు గుట్టు రట్టయింది. విచారణ దగ్గరుండి నడిపింది సోలమన్ అన్నకొడుకు వరసయ్యే ఫెలిక్స్ డయాస్ బండారనాయకే. అనుమానం గవర్నర్ జనరల్ గూణెతిలకే దాకా వెళ్లడంతో ఆయనను తప్పించి, సిరిమావో బంధువు విలియం గోపల్లవను కూర్చోబెట్టారు. దేశంలో ఇక నమ్మదగినవాళ్లు చుట్టాలేనని తేలిందో, అలా తేల్చుకున్నారో!

విదేశాంగంలో మాత్రం ఆమెకు ఆమే సాటి. అక్కడ టేపు లేదు కాబట్టేమో. 1961లో బెల్‌గ్రేడ్‌లో తొలి అలీనోద్యమ సదస్సు జరిగితే టిటో, నాసర్, నెహ్రూ, సుకర్ణోల మధ్య కూర్చున్న ఒకే ఒక్క మహిళా నేత ఆమె. భారత్, చైనా యుద్ధం ముగియగానే 1962 డిసెంబరులో ఆరు అలీన దేశాలను కొలంబోకు పిలిచి రాజీ ప్రతిపాదనలు తయారుచేశారు. వాటిని పట్టుకుని పెకింగ్‌కూ, ఢిల్లీకీ తానే వెళ్లారు. సరిహద్దు తగవు తీరలేదు, అది వేరే సంగతి. విదేశీ చమురు కంపెనీల ఆస్తులు తీసుకుని సరైన నష్టపరిహారం ఇవ్వలేదని 1963లో అమెరికా సాయం ఆపేస్తే కూడా ఆమె తగ్గలేదు.

గిరి చూసిన చట్టం, శాస్త్రి చేసిన సంతకం

లంక కొండల్లో తేయాకు తోటల్లో పనిచేసేవాళ్లను బ్రిటిష్ వాళ్లు మద్రాసు రాష్ట్రం నుంచి తీసుకెళ్లారు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, 1948లో, డి.ఎస్. సేనానాయకే ప్రభుత్వం పౌరసత్వ చట్టం తెచ్చి వాళ్లలో ఎక్కువమందిని ఏ దేశానికీ చెందనివాళ్లను చేసింది. అప్పుడు కొలంబోలో భారత హైకమిషనర్ మన వి.వి. గిరి. కార్మిక నాయకుడిగా పేరు తెచ్చుకున్న మనిషికి తోటకార్మికుల ఓటుహక్కు కళ్లముందే పోవడం చూడాల్సి వచ్చింది.

ఆ చిక్కుముడిని విప్పడానికి 1964 అక్టోబరు 30న సిరిమావో, లాల్‌బహదూర్ శాస్త్రి ఒప్పందం చేసుకున్నారు. మొత్తం 9,75,000 మంది. వాళ్లలో 5,25,000 మందిని భారత్ తీసుకోవాలి. 3,00,000 మందికి లంక పౌరసత్వం ఇవ్వాలి. మిగిలిన 1,50,000 మంది సంగతి తర్వాత చూద్దామన్నారు; పదేళ్లకు ఇందిరతో ఒప్పందంలో చెరిసగం పంచుకున్నారు. కచ్చతీవు దీవి లంకకు వెళ్లింది కూడా ఆ 1974లోనే. కాగితం మీద ఇది భాగహారం లెక్క. తోటలో పుట్టి, తోటలో పెరిగి, ఎప్పుడూ చూడని దేశానికి పడవెక్కినవాళ్లకు లెక్క కాదు. ఒప్పందం గురించి వాళ్లను అడిగినవాళ్లు కూడా లేరు. బర్మా, లంకల నుంచి తిరిగొచ్చినవాళ్ల పునరావాసం కోసం 1969లో మద్రాసులో పెట్టినదే రెప్కో బ్యాంకు. ఇప్పుడు మన ఊళ్లలో బంగారం తాకట్టు పెట్టడానికి ఆ బ్యాంకుకు వెళ్లేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

ఇదంతా జరుగుతుండగానే ఇంట్లో నిప్పు రాజుకుంది. లేక్‌హౌస్ పత్రికలను స్వాధీనం చేసుకునే బిల్లు తేబోతే సొంత పార్టీ సీనియర్ సి.పి. డిసిల్వా తన వర్గంతో ప్రతిపక్షం వైపు దూకాడు. 1964 డిసెంబరు 3న సభలో ఆమె ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. 1965 ఎన్నికల్లో పార్టీ ఓడినా, భర్త నియోజకవర్గం అత్తనగల్లలో ఆమె గెలిచారు. ప్రత్యక్ష ఎన్నికలో నెగ్గడం అదే మొదటిసారి. తన పేరుకు పడిన ఓట్లు ఆమె తొలిసారి చూసుకున్నది ప్రతిపక్షంలోకి వెళ్తూ.

యాభై ఆరు బిడ్డలు

1970లో వామపక్షాలతో కలిసి వచ్చి 151 స్థానాల్లో 116 గెలిచారు. రేషన్ బియ్యం రెండు కొలతలు ఇస్తాం, అవసరమైతే చంద్రమండలం నుంచైనా తెస్తాం అన్న మాట ఆ ఎన్నికల నుంచి లంక రాజకీయాల్లో నిలిచిపోయింది. మనిషి చంద్రుడి మీద దిగి అప్పటికి ఏడాది కూడా కాలేదు మరి.

ఏడాది తిరగకుండానే, 1971 ఏప్రిల్ 5 రాత్రి, దేశంలో పోలీసు స్టేషన్ల మీద ఏకకాలంలో దాడులు జరిగాయి. జనతా విముక్తి పెరమున (జేవీపీ), రోహణ విజెవీర నాయకత్వం. దాడులు చేసినవాళ్లెవరు? సింహళ పల్లెల యువకులు, సింహళ మాధ్యమంలో చదివినవాళ్లు, బౌద్ధులు. లంకలో వాళ్లను 'యాభై ఆరు బిడ్డలు' అంటారు. 1956లో సోలమన్ వాగ్దానం విని, సొంత భాషలో చదివితే ఉద్యోగం వస్తుందని నమ్మి, డిగ్రీ చేతబట్టి ఖాళీగా తిరుగుతున్న తరం. నా దృష్టిలో ఆమె జీవితం మొత్తంలో కీలక ఘట్టం ఇదే. భర్త మాటను తమిళులు కాదన్నారంటే అర్థముంది. ఆ మాటకు పుట్టిన పిల్లలే తుపాకులెత్తితే ఏమనుకోవాలి? ఆమె సైన్యాన్ని దింపారు. భారత్, పాకిస్థాన్, బ్రిటన్, సోవియట్, అమెరికా ఒకరికొకరు పడనివాళ్లంతా సాయం చేశారు. భారత నౌకలు తీరం కాచాయి, హెలికాప్టర్లు వచ్చాయి. చనిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. కతరగమలో ప్రేమవతి మనంపేరి అనే యువతిని సైనికులు హింసించి చంపిన ఉదంతం దేశాన్ని కుదిపేసింది. అప్పుడు విధించిన ఎమర్జెన్సీ దాదాపు ఆరేళ్లు నడిచింది. ఇందిర ఎమర్జెన్సీ 21 నెలలే.

పల్లె యువకుల కోపం చల్లార్చడానికి దొరికిన దారి మళ్లీ పాతదే. యూనివర్సిటీ ప్రవేశాల్లో 'ప్రామాణీకరణ' పేరుతో మెడిసిన్, ఇంజనీరింగ్ సీట్లకు తమిళ విద్యార్థి ఎక్కువ మార్కులు తెచ్చుకోవాల్సిన పరిస్థితి తెచ్చారు. 1972 మే 22న సిలోన్ గణతంత్ర శ్రీలంకగా మారింది. కొత్త రాజ్యాంగంలో సింహళానికి పీఠం, బౌద్ధానికి అగ్రస్థానం. రాసింది కోల్విన్ ఆర్. డిసిల్వా. 1956లో ఒకే భాష అంటే రెండు దేశాలవుతాయి, రెండు భాషలంటే ఒకే దేశంగా ఉంటుంది అని పార్లమెంటులో హెచ్చరించిన ట్రాట్‌స్కీయిస్టు ఆయనే. మంత్రి పదవి వచ్చేసరికి తన హెచ్చరికను తానే కొట్టేశాడు. నాలుగేళ్లు గడిచేసరికి వట్టుకోట్టైలో తమిళ పార్టీలు ప్రత్యేక దేశం కావాలని తీర్మానించాయి.

భూసంస్కరణ మాత్రం నిజంగా చేశారు. 50 ఎకరాలు, మాగాణి అయితే 25 ఎకరాలు పరిమితి. తమ దివాణాల భూములను కూడా వదల్లేదు. 1975లో కంపెనీల తేయాకు తోటలూ ప్రభుత్వానివయ్యాయి. అదే సమయంలో చమురు, తిండిగింజల ధరలు ప్రపంచమంతా ఆకాశాన్నంటాయి. దిగుమతులు ఆగిపోయాయి. రొట్టె కోసం తెల్లారకముందే క్యూలు. ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు బియ్యం మూట తీసుకెళ్తే రోడ్ల మీద చెక్‌పోస్టుల్లో పట్టుకునేవారు. చుట్టాలింటికి వెళ్తూ నాలుగు కిలోలు సంచిలో దాచుకున్న ముసలమ్మ కూడా దొంగే. చంద్రమండలం మాట అప్పుడు జనానికి గుర్తొచ్చింది. ఇంత ఆకలిలోనూ 1976 ఆగస్టులో కొలంబోలో అలీనోద్యమ మహాసభ ఘనంగా జరిగింది. చైనా కట్టించి ఇచ్చిన, ఆమె భర్త పేరున్న సమావేశ మందిరంలో ఆమె అధ్యక్షపీఠం ఎక్కారు. విదేశీ పత్రికల్లో ఆమెకు అంత పేరు అంతకుముందు లేదు.

మరుసటి ఏడాది జులైలో ఎన్నికలు. శ్రీలంక ఫ్రీడం పార్టీకి వచ్చింది 8 స్థానాలు. యూఎన్‌పీకి 140. తమిళ పార్టీ 18తో ప్రధాన ప్రతిపక్షమైంది. అంతకు నాలుగు నెలల ముందే ఢిల్లీలో ఇందిర ఓడిపోయారు. స్నేహితురాళ్లిద్దరూ ఒకే ఏడాది ఇంటికెళ్లారు.

ఇంట్లో మూడు పార్టీలు

1980 అక్టోబరులో జయవర్ధనే నడిపే యూఎన్‌పీ ప్రభుత్వం ప్రత్యేక కమిషన్ పెట్టి, అధికార దుర్వినియోగం నేరం మోపి, ఆమె పౌరహక్కులను ఏడేళ్లపాటు తొలగించింది. పార్లమెంటు నుంచి పంపేశారు. ఓటు వేయడానికీ, పోటీ చేయడానికీ, ప్రచారం చేయడానికీ వీల్లేదు. ఆమె చేసిన తప్పులకు శిక్ష వేయాల్సింది ఓటర్లు, వేసేశారు కూడా. జయవర్ధనేకు కావాల్సింది 1982 అధ్యక్ష ఎన్నికల్లో ఎదురులేకపోవడం. 1986లో హక్కులు తిరిగొచ్చాయి.

ఈలోగా పిల్లలు పెద్దవాళ్లయ్యారు. పెద్దమ్మాయి సునేత్ర. రెండో అమ్మాయి చంద్రిక ప్యారిస్‌లో రాజనీతిశాస్త్రం చదివింది, 1978లో సినిమా హీరో విజయ కుమారతుంగను పెళ్లాడింది. కొడుకు అనుర. పార్టీ ఎవరిదన్న తగవు తల్లి కళ్లెదుటే మొదలైంది. 1984లో చంద్రిక, విజయ బయటికెళ్లి సొంత పార్టీ పెట్టుకున్నారు. విజయ 1986లో జాఫ్నా వెళ్లి తమిళ పులుల సంస్థ ఎల్టీటీఈతో మాట్లాడొచ్చాడు. 1987లో భారత్, లంక ఒప్పందాన్ని అల్లుడు సమర్థిస్తే అత్తగారు వీధికెక్కి వ్యతిరేకించారు. తమిళాన్ని అధికార భాష చేసే దారి ఆ ఒప్పందంతోనే తెరుచుకుంది. 1988 ఫిబ్రవరి 16న విజయను ఇంటి బయటే కాల్చి చంపారు. చంపింది జేవీపీ. పద్నాలుగేళ్లప్పుడు తండ్రిని, నలభై రెండేళ్లప్పుడు భర్తను ఇంటి దగ్గరే పోగొట్టుకున్న చంద్రిక పిల్లలతో లండన్ వెళ్లిపోయింది. ఆ ఏడాది చివర అధ్యక్ష ఎన్నికల్లో సిరిమావో యూఎన్‌పీ అభ్యర్థి ప్రేమదాస చేతిలో ఓడిపోయారు. 1993లో అనుర అలిగి యూఎన్‌పీలో చేరాడు. బండారనాయకే కొడుకు సేనానాయకేల పార్టీలోకి వెళ్లడాన్ని తల్లి ఎలా తట్టుకున్నారో ఊహించుకోవాల్సిందే.

లండన్ నుంచి తిరిగొచ్చిన చంద్రిక పగ్గాలు పట్టింది. 1994 నవంబరులో 62 శాతం ఓట్లతో అధ్యక్షురాలైంది. రెండ్రోజులకు తల్లిని ప్రధానిని చేసింది. దేశాధ్యక్షురాలు కూతురు, ప్రధాని తల్లి. కానీ 1960లో సర్వాధికారాలూ ఉన్న పదవి 1978 రాజ్యాంగం తర్వాత అలంకారంగా మిగిలింది. 78 ఏళ్ల వయసులో సిరిమావో ఆ కుర్చీలో కూర్చుని కూతురు చేసే పనులను చూశారు. చంద్రిక చేయబోయింది తండ్రి 1957లో మొదలుపెట్టి వదిలేసిన పని. అధికారాలను ప్రాంతాలకు పంచడం, తమిళులకు దేశంలో చోటివ్వడం. తాత ముదలియార్ అన్న సిగ్గు, తండ్రి మాట బరువు ఆమెకు లేవు. టేపు ఆమె చేతిలోనూ ఉంది, కానీ ఆమె విన్నది రెండో వైపు. 1999 డిసెంబరులో ఎన్నికల సభలో ఎల్టీటీఈ ఆత్మాహుతి దాడిలో ఆమె కుడికన్ను పోయింది. మూడ్రోజులకు మళ్లీ గెలిచింది. 2000 ఆగస్టులో కొత్త రాజ్యాంగ బిల్లును సభలో పెడితే ప్రతిపక్షం ప్రతులకు అక్కడే నిప్పంటించింది. భిక్షువులు మళ్లీ వీధుల్లోకొచ్చారు. మూడింట రెండొంతుల మెజారిటీ దొరక్క బిల్లు ఆగిపోయింది. అదే వారం సిరిమావో ఆరోగ్యం బాగాలేక రాజీనామా చేశారు.

2000 అక్టోబరు 10న పార్లమెంటు ఎన్నికలు. అత్తనగల్లలో ఓటేసి కొలంబోకు తిరిగొస్తూ దారిలో, కడవత దగ్గర గుండెపోటుతో ఆమె చనిపోయారు. హొరగొల్లలో భర్త సమాధి పక్కన సమాధి చేశారు. ఆ ఎన్నికల తర్వాత కొత్త సభకు స్పీకరైంది అనుర. 2005లో చంద్రిక పదవీకాలం ముగిసింది. పార్టీ రాజపక్సల చేతిలోకి వెళ్లింది. ఒక కుటుంబం పోయి ఇంకో కుటుంబం.

1931లోనే ఆడవాళ్లకు ఓటు వచ్చిన దేశం, 1960లోనే మహిళను ప్రధానిని చేసిన దేశం. అయినా అక్కడి పార్లమెంటులో మహిళల వాటా ఇప్పటిదాకా పది శాతానికి చేరలేదు. వచ్చినవాళ్లలోనూ చాలామంది ఎవరో ఒక నాయకుడి భార్యలో, కూతుళ్లో. 2024 సెప్టెంబరులో లంకకు మూడో మహిళా ప్రధాని వచ్చారు. పేరు హరిణి అమరసూర్య, యూనివర్సిటీ అధ్యాపకురాలు, రాజకీయ కుటుంబం నుంచి రాలేదు. ఆమెను ఆ పదవిలో కూర్చోబెట్టిన కూటమిని నడిపే పార్టీ జేవీపీ, 1971లో సిరిమావో సైన్యం అడవుల్లో వేటాడిన ఆ యాభై ఆరు బిడ్డల పార్టీ.